ఎక్కువ రేటు కోటు

నేను ఒక తెల్ల కోటును. డాక్టరు గారిదో, కాంపౌండరు గారిదో అనుకునేరు. కాదు, వంటవాడి కోటును. పొయ్యి ముందు నిలబడడమే నా ఉద్యోగం. ధర ఎక్కువని మొదట్లో నన్ను ఆడిపోసుకోనివాళ్ళు లేరు. ఆ ముచ్చటే చెబుతాను.

నన్ను కుట్టింది రాజమండ్రిలో పప్పుల నూకరత్నం. ఇరవై ఏళ్ళు జాకెట్లు కుట్టిన చెయ్యి. సొంతంగా ఒక గది అద్దెకు తీసుకుని, ఇద్దరు ఆడవాళ్ళను పనిలో పెట్టుకుంది. గోదావరి గట్టు పక్కన కొత్తగా వెలసిన హోటలుకు వెళ్ళి, అరవై మంది వంటవాళ్ళకూ కోట్లు నేనే కుడతానంది. ఆ ఆర్డరు వస్తే దుకాణం నిలబడుతుంది. రాకపోతే గది ఖాళీ చేసి, ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్సు కుట్టుకోవలసిందే.

నమూనాగా నన్ను కుట్టింది. జాకెట్టు లైనింగును తడిపి ఆరేస్తే గానీ కత్తెర పెట్టని మనిషి. నా దగ్గరా అదే పట్టుదల! మందపాటి నూలుగుడ్డను ఒక పూటంతా నానబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలత వేసింది. అంతటితో ఆగిందా? ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని జాకెట్లకు వదిలినట్టే, నాకూ పక్కల్లో అంగుళమేసి గుడ్డ లోపలికి వదిలింది. వంటవాళ్ళు ఒళ్ళు చేయరా మరి!

హోటలు మేనేజరు ఫణీంద్ర నన్ను రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. బల్ల మీద ఇంకొకరి నమూనా ఉంది. టెర్రీకాటుది, తళతళలాడుతోంది, ధర నా ధరలో సగం.

"ఎనిమిది వందల నలభయ్యా? జరీ ఏమైనా పెట్టారా అండీ?"

"జరీ లేదండి బాబుగారూ. అచ్చమైన నూలండి. రొమ్ము మీద గుడ్డ రెండు వరసలండి. గుండీలు ప్లాస్టిక్కువి కాదండి, గుడ్డతో ముడేసినవి, ఒక్కోటీ చేత్తో చెయ్యాలండి. తడిపితే గుడ్డ కుంచించుకుపోద్దండి, ఆ తరుగంతా నాదే. మరి రేటవ్వదేంటండి?"

"కుంచించుకుపోయేదేదో ఉతుకులో పోతుందిగా, ముందే మీరెందుకు పోగొట్టుకోవడం?" అన్నాడాయన. అంత చదువుకున్న బుర్రకు ఆ మాట ఎలా తోచిందో నాకిప్పటికీ తెలియదు.

చివరికి పదిహేను రోజులు పరీక్ష పెట్టారు. టెర్రీకాటు కోటు రెండో వంటమనిషి వీర్రాజుకు, నేను పెద్ద వంటమేస్త్రి చిట్టూరి సూరన్నకు. పెళ్ళిళ్ళలో వేలమందికి వండిపెట్టిన సూరన్నకు బనీనూ, భుజాన తువ్వాలూ తప్ప వేరే వేషం తెలియదు. "ఇదేంటండి బాబూ, నన్ను కూడా ఉడకబెడతారా?" అంటూనే తొడుక్కున్నాడు. మూడో రోజుకల్లా నన్నే తువ్వాలు చేసేశాడు. చేతులు తుడుచుకోవడం, మూకుడు దించడం, అన్నీ నాతోనే. రోజూ సోడా వేసిన మరుగునీళ్ళలో ఉతికేవారు. నేను వేలెడు కూడా కుంచించుకుపోలేదు. అవతలి కోటుకు ఇస్త్రీ కింద రెండు గుండీలు కరిగిపోయాయి. వీర్రాజు చెమటకు తాళలేక దాన్ని మేకుకు తగిలించేసేవాడు.

అయినా ఫణీంద్ర మనసు చవక వైపే మొగ్గింది. పన్నెండో రోజున ఆ మాట మొహం మీదే చెప్పేద్దామని నూకరత్నాన్ని వంటగదికి పిలిపించాడు. పాపం, గుమ్మంలో నిలబడి కొంగు మెలిపెడుతోంది. సూరన్న పూర్ణం బూరెలు వేస్తున్నాడు. పూర్ణాన్ని ముంచే తోపు పిండి ఎక్కడ పలచబడిందో ఏమో, ఒక బూరె నూనెలో ఢామ్మని పగిలింది. మరిగే నూనె, సలసలకాగే పూర్ణం వచ్చి నా రొమ్ము మీద పడ్డాయి.

భయమేసింది, అబద్ధమెందుకు. పై వరస కాలింది. కింది వరస ఆపింది. సూరన్న నా అంచులు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ముడిగుండీలు కాజాల్లోంచి టకటకా ఊడి, నేను నేల మీద పడ్డాను.

"కాలిందా అన్నయ్యా?" నూకరత్నం పరుగెత్తుకొచ్చింది.

సూరన్న రొమ్ము తడుముకున్నాడు. "లేదు చెల్లెమ్మా! వెచ్చగా తగిలిందంతే!"

ఫణీంద్ర తన టెర్రీకాటు చొక్కాను ఒకసారి చూసుకుని, మూకుడుకు నాలుగడుగులు దూరం జరిగాడు.

"సరే, మీ కోట్లే తీసుకుంటాం. అరవై కదా, కొంచెం తగ్గించాలండీ."

"తానుల్లెక్కన గుడ్డ తెస్తే నాకు కలిసొచ్చినంతా తగ్గిస్తానండి. తడపడం మాత్రం మాననండి, రెండో వరస తియ్యనండి." ఆమె మాట వణకలేదు. శభాష్ అనడానికి నాకు నోరు లేకపోయింది.

"ఆయ్, అది తీసేస్తే రేపట్నించి బూరెలు మీరే వేసుకోండి బాబూ!" అన్నాడు సూరన్న. కాగితం మీద సంతకం పడింది.

ఇప్పుడు నూకరత్నం దుకాణంలో అయిదు మిషన్లు తిరుగుతున్నాయి. వాటి మధ్య గోడకు నేను దర్జాగా వేలాడుతున్నాను. నా రొమ్ము మీద అరచేతంత గోధుమరంగు మచ్చ. బ్లీచింగు పెడితే పోతుంది కదా అని వచ్చినవాళ్ళు ఉచిత సలహాలిస్తుంటారు. నూకరత్నం నవ్వి, మళ్ళీ మిషను తొక్కుతుంది. సూరన్న ఆ దారిన వెళ్ళినప్పుడల్లా లోపలికొచ్చి, మచ్చను ఒకసారి నిమిరి వెళ్తాడు.

అది నా మీదే ఉంది. ఆయన ఒంటి మీద లేదు.