గడులు వంగని తెర

సుభద్రమ్మ సంచి అడుగున పాత నేతచీర మడతపెట్టింది. దాని మీద రొట్టెల మూట, నీళ్ళ సీసా, చెక్క స్కేలు, పెన్ డ్రైవ్ ఉన్న చిన్న డబ్బా పెట్టింది.

"చీర ఎందుకే?" చెప్పులేసుకుంటూ అడిగాడు బాలస్వామి.

"వచ్చేటప్పుడు కొత్త కంప్యూటర్ తెరకు చుట్టొద్దా? బస్సు కుదుపులకు అద్దం పలిగితే?"

"దానికి అట్టడబ్బా ఇస్తరు, థర్మాకోలు ఇస్తరు. పెద్ద పరేషాన్ మనిషివి నువ్వు."

ఆమె చీర తీయలేదు. ఎవరి ప్రయాణానికి సంచి సర్దినా ఆమె చేతులు చల్లబడతాయి. ఆమె సర్దిన సంచులు పట్టుకొని బొంబాయి పనులకు పోయిన అన్న గానీ, దవాఖానకు పోయిన అమ్మ గానీ మళ్ళీ గడప తొక్కలేదు. ఇవాళ మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ కలిసే వనపర్తికి పోతున్నారు, పొద్దుగూకేసరికి వచ్చేస్తారు. అయినా చేతులు చల్లగానే ఉన్నాయి.

అమరచింతలో మగ్గాలవాళ్ళకు చీర అంచుల గ్రాఫు గీసేది బాలస్వామే. మొదట గళ్ళ కాగితం మీద గీసేవాడు, పన్నెండేళ్ళుగా కంప్యూటర్‌లో గీస్తున్నాడు. గ్రాఫులో ఒక గడి నింపితే మగ్గం మీద ఒక పోగు లేస్తుంది. దాన్ని చూసే మగ్గానికి తగిలించే అట్టలకు రంధ్రాలు కొడతారు. ఒక్క గడి తప్పినా ఆ తప్పు చీర పొడుగునా పడుతూనే ఉంటుంది.

పోయిన వారం మాసయ్య మగ్గం మీద అదే జరిగింది. అతను నేసిన గుడ్డముక్క తెచ్చి అరుగు మీద పరిచాడు.

"అన్నా, నీ హంసలకు మెడలిరిగినయి. పట్టీలు నువ్వు కడ్తవా, నేను కట్టాల్నా?"

బాలస్వామి తెర వైపు వేలు చూపించాడు. "దీని నడుమ గీతలు వంగుతున్నయిరా. పాతదైంది."

"గట్లయితే మార్చు. పెండ్లి చీర అది. సోమవారం దాకా చూస్త. లేకుంటే గద్వాలల గీయించుకుంట."

ఆ సాయంత్రం సుభద్రమ్మ ఒక్కతే తెర ముందు కూర్చొని చూసింది. గీతలు తిన్నగానే కనిపించాయి. కానీ ఆమె అక్షరాలు నేర్చుకున్నదే అతను పారేసిన గళ్ళ కాగితాల మీద, ముప్పై ఏళ్ళు దాటాక. నలభై ఏళ్ళు గడులు నింపినవాడికి తప్పు చెప్పేంత ధైర్యం ఆమెకు రాలేదు. మొన్న అతను చాయ్ గ్లాసులో కాకుండా పక్కన పోసి, గ్లాసు జరిగిందన్నాడు. అదీ ఆమె ఎవరికీ చెప్పలేదు. పాడైంది తెరే కావాలి. తెర అయితే కొనుక్కోవచ్చు.

వనపర్తిలో కంప్యూటర్ దుకాణం శైలజ అనే ఆమెది. ముప్పై ఏళ్ళుంటాయి. పెన్ డ్రైవ్‌లోని హంసల గ్రాఫును మొదటి తెర మీద తెరిచింది.

"ఇరవై రెండు ఇంచులు, పెద్దనాయినా. మస్తు పోతున్నయి."

బాలస్వామి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. "నడుమ వంగింది."

శైలజ ఇంకొకటి పెట్టింది. అదీ వంగిందన్నాడు. మూడోదీ అంతే. నాలుగోసారి అతని గొంతు పెరిగింది.

"ఏందమ్మా, నీ షాపుల అన్నీ వంకరవేనా?"

"వంపు తెర ఒక్కటే ఉంది పెద్దనాయినా, గోడకు అదిగో. ఆటలాడేటోళ్ళకు. అది ఇంకా పెట్టనే లేదు."

సుభద్రమ్మ సంచిలోంచి స్కేలు తీసి తెర మీద ఆనించింది. పైనుంచి కిందికి గీతా స్కేలూ ఒక్కటిగానే దిగాయి. నాలుగు తెరల మీదా అలాగే ఆనించి చూసింది. అద్దానికి గీత పడుతుందేమోనని శైలజ చెయ్యి ముందుకు చాపింది.

గోడకు ఒక క్యాలెండర్ వేలాడుతోంది. తేదీల చుట్టూ నల్లటి గడులు.

"ఏమయ్యా, జర ఆ క్యాలెండర్ చూడు. గీతలెట్లున్నయి?"

"దాంతోని ఏం పని?"

"చూడు. ఒక్కో కన్ను మూసి చూడు."

అతను ఎడమ కన్ను మూశాడు. కుడి కన్ను మూశాడు. మళ్ళీ ఎడమది మూశాడు. బయట ఆటోవాడు పెబ్బేరు, పెబ్బేరు అని అరుస్తున్నాడు.

"క్యాలెండర్ గూడ నీ కంపెనీదేనా, బిడ్డా?" అన్నాడు బాలస్వామి. ఎవరూ నవ్వలేదు. అతనే కుర్చీ వెతుక్కొని కూర్చున్నాడు. "కుడి కంటికి నడుమ తేదీలే లేవు. ఎడమ దానికి వంగినయి."

"ఎన్ని దినాల నుంచి?" అడిగింది సుభద్రమ్మ.

"తెల్వదు. తెర అనుకున్న."

శైలజ అప్పటికే చెప్పులేసుకుంటోంది. "మా అమ్మకు గిట్లనే అయింది పెద్దమ్మా. ఆగొద్దు. కండ్ల డాక్టర్ రెండు సందుల అవతలనే ఉంటడు, లేవండి."

బాలస్వామి లేవలేదు. "సోమవారం మాసయ్యకు గ్రాఫు ఇయ్యాలె. తెర చూడు సుభద్రా. నీకు ఏది తిన్నగ కనబడ్తే అది తీసుకో."

అతని మొహం చూడకుండా ఆమె తెరల వైపు తిరిగింది. ఇరవై నాలుగు ఇంచుల దాంట్లో గడులు పెద్దగా ఉన్నాయి. కళ్ళజోడు తీసి చూసినా లెక్క తప్పలేదు. "ఇది," అంది. "ఈడనే ఉంచు బిడ్డా, మళ్ళొచ్చి తీస్కపోత."

డాక్టర్ చాలాసేపు చూశాడు. కంటి వెనక నెత్తురు కారుతోందన్నాడు. కుడి కన్ను ఎప్పుడో చేయి దాటింది, ఎడమ కంట్లో మిగిలినదాన్ని కాపాడాలంటే సూది వేయాలి, ఇవాళే హైదరాబాద్ పోవాలి, అన్నాడు. రెండు నెలల ముందు వచ్చి ఉంటే బాగుండేది అని కూడా అన్నాడు. రొట్టెల మూట వాళ్ళు హైదరాబాద్ బస్సులో విప్పారు. ఇద్దరూ తినలేకపోయారు.

నెలకొకటి చొప్పున మూడు సూదులు వేశారు. మిగిలిన చూపు మిగిలింది. మనుషుల్ని పక్కనుంచి గుర్తుపడతాడు, వీధిలో నడుస్తాడు. ఎదురుగా చూస్తే మాత్రం నడుమ వంపు అలాగే ఉంది. మాసయ్య సోమవారం దాకా ఆగి గద్వాల పోయాడు. కొత్త తెర మీద ఇప్పుడు సుభద్రమ్మ గడులు నింపుతుంది. చిన్న అంచులే, నిదానంగా. లెక్కలో అనుమానమొస్తే గడప దగ్గరికి వచ్చి అడుగుతుంది. అరుగు మీదినుంచే అతను జవాబు చెబుతాడు. లోపలికి రమ్మని ఆమె రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

బాలస్వామి ఆ కంప్యూటర్ గదిలో చివరిసారి గ్రాఫు గీసింది రెండువేల ఇరవై నాలుగు జూలై ఇరవై అయిదున, గురువారం. ఆ తర్వాత అతను ఆ పనికి తిరిగి రాలేదు.