వెల్లకిలా తిప్పిన నల్లి

ఏం అల్లుడూ, ఫొటో చూసి పురుగు జాతి చెప్పేస్తుందని నీ పెళ్ళాన్ని చూసి తెగ మురిసిపోతున్నావు! ఆవిడగారిని నేనొకసారి బోల్తా కొట్టించాను, తెలుసా? విను. నవ్వు మాత్రం చివరిదాకా దాచుకో.

అప్పుడు మా అక్క, అదే మీ అత్తగారు, కాలు విరిగి మంచంలో ఉంది. నెట్ షెడ్డులో చిక్కుడు తీగలన్నీ నాకు అప్పగించింది.

"ఈ కాపు పోతే షెడ్డు అమ్మేయాల్సిందేరా. నీ కోతి వేషాలు అక్కడ వద్దు" అంది.

ఆకుల మీద గోధుమరంగు కంపు నల్లులు కనిపించాయి. మేనకోడలికి, అదే నీ పెళ్ళానికి, ఫోన్ చేశాను.

"వాటిలో రెండు రకాలు మావయ్యా. ఒకటి చెట్టు రసం పీలుస్తుంది. ఇంకోటి గొంగళిపురుగుల్ని పొడిచి తింటుంది. వేటాడేదానికి భుజాల మీద ముళ్ళుంటాయి. అయినా వీపు చూసి నమ్మను. వెల్లకిలా తిప్పి ముక్కు ఫొటో పంపు. లావు ముక్కయితే మనవాడే."

ఇక నా చెయ్యి ఊరుకుంటుందా? గుండ్రటి భుజాల నల్లిని ఒకదాన్ని పట్టి, గులాబీ ముళ్ళ మొనలు రెండు జిగురుతో అతికించి, ఫొటో పంపాను.

"ముళ్ళున్నాయి. ముక్కేది?" అంది.

తిప్పుదామంటే అది జిగురుతో కింద పెట్టిన కాగితానికి అతుక్కుపోయింది. పక్క ఆకు మీది నల్లిని పట్టి, వెల్లకిలా పడేసి, ఫొటో కొట్టి పంపించాను. దాని ముక్కు నేను చూస్తేనా!

"లావు ముక్కు! వేట నల్లే మావయ్యా. మందు కొట్టకు."

పొట్ట పట్టుకుని నవ్వాను. నా జిగురు నల్లికి అంత చదువూ బోల్తా పడిందని, ఉన్నవన్నీ రసం పీల్చేవేననుకుని, మందు పంపు భుజానికి తగిలించాను. జేబులో ఫోన్ నాలుగుసార్లు మోగింది. తియ్యలేదు.

నల్లులు టపటపా రాలాయి. ఒకటి రాలినప్పుడు దాని ముక్కుకి గొంగళిపురుగు ఇంకా వేలాడుతూనే ఉంది. అది చూసి కూడా నాకు వెలగలేదు.

మూడోనాటికి షెడ్డులో ఈగ కూడా లేదు. కానీ ఏదో చప్పుడు. కాగితం నములుతున్నట్టు, సన్నగా, నాలుగువైపుల నుంచీ. ఒక కాయ విప్పాను. లోపల కదిలింది. పక్కదీ అంతే. ఆ వరసంతా అంతే.

మేనకోడలు వచ్చింది. తిట్టలేదు. చచ్చిన నల్లుల్ని గుండుసూదితో ఒక్కొక్కటే తిప్పి చూసింది. గుమ్మంలో చంకకర్ర మీద అక్క.

"ఏమంటోందిరా?"

 పిల్లే చెప్పింది.

"కాయల్లో దూరిన పురుగుకి మందు తగల్లేదమ్మా. బయటికొస్తే పట్టి తినేవాళ్ళు వీళ్ళే. అందరూ పోయారు." నా వైపు తిరిగింది. "ముళ్ళకి నేను మోసపోయాను మావయ్యా, ఒప్పుకుంటాను. ముక్కు ఫొటో మాత్రం నిజమైనదే. తీసింది నువ్వేగా, ఒక్కసారైనా చూడలేదా?"

మనం కూర్చున్న ఈ మెట్టు ఆ షెడ్డుదే అల్లుడూ. అమ్మేశాక మిగిలింది ఇదొక్కటే.

ఏం, ఇప్పుడు నవ్వవేం?