చూపుకు అంటు లేదు

అయినా మల్లికార్జునయ్య సావుకారికి ఆ నల్లద్దాల ఉపాయం ఏ దేవుడు చెప్పాడో గానీ, అనుకుని రామక్క అరుగు మీద ఒక్కతే నవ్వుకుంది, నవ్వితే ఎర్రబడిన కళ్లు చురుక్కుమన్నాయి, చురుక్కుమంటే అననీ, నవ్వు ఆగితే కదా, వేరుశనగ విత్తనం ఏరే చెనిక్కాయల షెడ్డులో ఇద్దరికి కండ్లకలక రాగానే ఆయన లేపాక్షికి పోయి, బసవన్న దగ్గర యాత్రికులకు అమ్మే నల్లద్దాలు ఆడవాళ్లందరికీ సరిపడా మూట కట్టించుకొచ్చాడు, ఎర్రకండ్లోళ్లు చూస్తే అంటుకుంటాదంట, పెట్టుకోండమ్మా, వాన పడింది, విత్తనాల కోసరం రైతులు గేటు కాడ కూచోనుండారు, ఎవరూ ఇంట్లో పడుకోగూడదు అన్నాడు, అందరూ పెట్టుకుని వరసగా కూర్చుని పప్పు ఏరారు, ఆ అద్దాల్లోంచి గట్టి పప్పూ పుచ్చు పప్పూ ఒకే రంగు, సాయంత్రం బస్తా విప్పి చూసి ఆయన తల పట్టుకున్నాడు, అంతా గుమ్మరించి మళ్లీ మొదటి నుంచి ఏరడం, అదిగో బస్సు హారను, నల్లమాడ నుంచి కూతురు అంజలి వచ్చే బస్సు అదేనా, బిడ్డను ఎత్తుకుని వస్తోంది, అల్లుడికి బళ్లారిలో పని దొరికింది, బిడ్డను చూపించి సాయంత్రం బస్సుకే వెళ్లిపోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో, మూడో నెలలో అత్తారింటికి పంపినప్పుడు ఆ పసిదానికి నవ్వడం సరిగా రాదు, ఇప్పుడు మనిషిని గుర్తుపట్టి నవ్వుతుందట, సరిగ్గా ఇప్పుడే రావాలా ఈ మాయదారి కలక, రామక్క పక్కనున్న నల్లద్దాలు తీసి గట్టిగా పెట్టుకుంది.

ఆసుపత్రి కృపాకుమారి సిస్టరు చూస్తే తిడుతుంది, తిట్టనీ, బిడ్డ మాట వేరు, ఆ సిస్టరు షెడ్డులోకి వస్తూనే అద్దాలన్నీ తీయించింది, ఫ్యాను దగ్గర స్తంభానికి వేలాడే తడి తువ్వాల చూపించి ఇదేందక్కా అంది, అది అందరిదీ, దుమ్ము పడితే అందరూ దాంతోనే మొహం తుడుచుకుంటారు, వేరే గుడ్డ తెచ్చుకుంటే తోటి కూలి గంగక్క ఊరుకోదు, ఏమ్మే, మా చెమట నీకు పనికిరాదా అంటుంది, సిస్టరు కట్టెతో ఆ తువ్వాల ఎత్తి బకెట్లో వేసింది, చూస్తే రాదక్కా, దీంతో తుడుచుకుంటే వస్తాది, ఎవరి గుడ్డ వాళ్లది, సబ్బుతో చేతులు కడగాల, ఎర్రకన్ను ఉన్నోళ్లు ఇంటికాడ ఉండాల, కూలి ఆపితే మాత్రం జబ్బు దాచిపెట్టుకోని పనికొస్తారన్నా, అప్పుడు షెడ్డే మూసుకోవాల అని సావుకారి మొహం మీదే చెప్పింది, ఆయన సరేనన్నాడు, అందుకే రామక్క ఇంట్లో ఉన్నా కూలి వస్తోంది, షెడ్డులో కొత్తగా ఎవరికీ రాలేదట, మొన్నటి నుంచి విత్తనం ట్రాక్టర్లకు ఎక్కుతోందట, పండగే.

అమ్మా, అంటూ అంజలి వాకిట్లోకి వచ్చేసింది, ఆడ్నే నిలబడమ్మీ, దగ్గరికి రాగాకు, సరేమ్మా, ఈడ్నే ఉంటా, అవ్వను చూడే పాపా, పాప చూసింది, నల్లటి రెండు గుంతలు పెట్టుకున్న మొహం చూసి కెవ్వున ఏడ్చింది, రామక్క గోడ వైపు తిరిగిపోయింది, చూడకూడదు, చూస్తే ఆ లేత కళ్లకు తగులుతుంది, తగులుతుందా, గంగక్క అన్నం తినేటప్పుడు కూడా అద్దాలు తీయలేదే, ఎవరి కళ్లలోకీ చూడలేదే, తువ్వాల మాత్రం వదల్లేదు, ఆమెకే అందరికంటే ముదిరింది, సిస్టరు వట్టి కళ్లతో రామక్క రెప్పలు లాగి మరీ చూసింది, చూసి చేతులు కడుక్కుంది, నిన్న మందు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆమె కళ్లు కొబ్బరి ముక్కల్లా తెల్లగా ఉన్నాయి, రామక్క చేతులు రెండూ వెనక్కి కట్టుకుందామనుకుంది, ముందు అద్దాలు తీయాలి కదా, తీసి అరుగు మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, వాకిలంత దూరం నుంచే ఇటు తిరిగింది, పాప ఏడుపు ఆపింది, వెక్కుతూ చూసింది, ఇంకా చూసింది, బోసి నోరంతా తెరిచి నవ్వింది, రామక్క కళ్ల వెంట నీళ్లు కారాయి, తుడుచుకోలేదు, కారనీ, అంటించేదంతా చేతులూ గుడ్డలే, బిడ్డను కళ్లారా చూసుకోవడానికి ఏ అడ్డూ లేదు.