బొమ్మరైలు బల్ల

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఆ బొమ్మల షాపుకి అదే ఆఖరి శనివారం. కంపెనీ దేశమంతటా తన షాపులన్నీ మూసేస్తూ, లోపలి బల్లలతో సహా అన్నీ అమ్మేస్తోంది. పదిహేనేళ్లుగా అక్కడ క్యాషియర్‌గా ఉన్న గిరిజ పొద్దుట్నుంచీ ఒకటే మాట వింటోంది, "మా చిన్నతనం పోయింది" అని. అందరూ ఫోటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు.

సాయంత్రం ఒక అమ్మాయి కౌంటర్ దగ్గరికి వచ్చింది. "ఆంటీ, నేను దేదీప్య. చిన్నప్పుడు తమ్ముడితో వచ్చేదాన్ని."

గిరిజ వెంటనే గుర్తుపట్టింది. "వినీత్ కదూ! బొమ్మరైలు తిరిగే బల్ల వదిలి రానని ఏడ్చేవాడు. ఎలా ఉన్నాడమ్మా?"

"పోయాడు ఆంటీ. మార్చిలో, కార్ యాక్సిడెంట్. వాడు రానన్నాడు. నేనే లాక్కెళ్లాను. నేనే డ్రైవ్ చేశాను."

గిరిజ కౌంటర్ దాటి ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆ బల్ల కొనుక్కుందామని వచ్చాను," అంది దేదీప్య.

దాన్ని ఆ పొద్దున్నే ఎవరో కొనుక్కుపోయారు. అమ్మింది గిరిజే. ఆ సంగతి చెప్పక తప్పలేదు.

దేదీప్య ఏడవలేదు. "ఎక్కడుండేదో చూపిస్తారా?" అంది.

ఖాళీ అరల మధ్యనుంచి గిరిజ ఆమెని లోపలికి తీసుకెళ్లింది. కార్పెట్ మీద బల్ల కాళ్లు నొక్కుకుపోయిన నాలుగు గుంటలు మిగిలాయి. దేదీప్య వాటి మధ్య చతికిలబడి, ఒక గుంటలో వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

షాపు మూసే వేళైందని మైకులో చెప్పారు. మేనేజర్ వస్తుంటే గిరిజ చేత్తోనే ఆగమంది. "లే తల్లీ" అనడానికి మనసొప్పక, తనూ ఆ పిల్ల పక్కనే కూర్చుంది.