ఇరవై ఎనిమిదో రోజు

డిసెంబరు పంతొమ్మిది, ఉదయం ఏడూ ఇరవై. రూజిత్సా ఆరు కార్ప్ చేపల్ని తోమకుండానే సింకులో వదిలేసి, చేతులు కడుక్కుని, సెర్బియాలో నోవి సాద్ నగరంలోని తన ప్రయోగశాలకు బయల్దేరింది. ఆ రోజు సెయింట్ నికోలా పండగ. నికోలా అత్తవారి ఇలవేల్పు. మధ్యాహ్నానికి పాతికమంది చుట్టాలు వస్తారు. ఈ పండక్కి ఎవర్నీ పిలవరు, అందరూ వస్తారు.

"ఆ ఎలుకల్ని రేపు కోస్తే ఏం? ఎక్కడికైనా పారిపోతాయా?" అంది అత్తగారు జగోర్కా.

"రేపటికి ఇరవై తొమ్మిదో రోజవుతుంది అత్తయ్యా."

"నికోలా కూడా రేపటిదాకా ఆగడమ్మాయ్. ఇల్లాలు లేకుండా ఈ ఇంట్లో ఎప్పుడైనా పండగ రొట్టె కోశారా?"

భర్త మిలెంకో తలుపు దగ్గర నిలబడ్డాడు. "నాకు వంట రాదు కదా, రూజా."

"చేపలకి ఆ సంగతి తెలీదులే."

ఎలుకలు ఈసారి వారం ఆలస్యంగా వచ్చాయి. మందు మొదలుపెట్టిన రోజే వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. మెదళ్ళు తియ్యాల్సిన ఇరవై ఎనిమిదో రోజు సరిగ్గా పండగనాడే పడింది. మెదడులో వాపు తగ్గిస్తే నరాల కణాల చావు ఆగుతుందా అని నాలుగేళ్ళుగా వెతుకుతోంది. ఈ ఒక్క రోజు తప్పితే ఏడాది పని మళ్ళీ మొదటికొస్తుంది. రివాజు ప్రకారం పండగనాడు ఇంటి యజమాని కూర్చోకూడదు. అందుకని మిలెంకో పంతొమ్మిదేళ్ళుగా గ్లాసు పట్టుకుని నిలబడుతున్నాడు. ఆమె పొయ్యి దగ్గర ఎందుకు నిలబడుతోందో ఏ రివాజూ చెప్పలేదు. ఏటా పండగ మర్నాడు కాళ్ళ వాపుతోనే ప్రయోగశాలకు వచ్చేది. ఆ వాపు మీద ఎవరూ పరిశోధన చెయ్యలేదు.

పదకొండింటికి ఐదు మెదళ్ళు సీసాల్లోకి చేరాయి. తను కూనిరాగం తీస్తున్నట్టు సహాయకురాలు బిలియానా చెబితేగానీ రూజిత్సాకు తెలియలేదు.

ఒంటిగంటకు ఫోను మోగింది. రూజిత్సా చేతులకు తొడుగులున్నాయని బిలియానా ఆమె చెవి దగ్గర పెట్టింది.

"రూజా, బంగాళాదుంపలు ఎంతసేపు ఉడకాలి?"

"కత్తి దిగేదాకా."

"ఏ కత్తి?"

బిలియానా పక్కకు తిరిగి నవ్వింది.

"అత్తయ్యనడుగు."

"అడిగాను. 'నలభై ఏళ్ళు నేను చేశాను, ఇక నీ వంతు' అని బల్ల దగ్గర కూర్చుంది."

సాయంత్రం నాలుగూ నలభైకి చివరిదైన పన్నెండో సీసాకు మూత పడింది. ఆరూ పదికి రూజిత్సా ఇల్లు చేరింది. చుట్టాలు ఇంకా ఉన్నారు. జగోర్కా పక్కకు జరిగి కుర్చీకి చోటిచ్చింది. మిలెంకో పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. చేప ఒకవైపు మాడింది. రూజిత్సా రెండు ముక్కలు తింది.