విశ్రాంతి గంటలో మంచు

కొరియాలోని ఛున్‌చన్‌లో మా అపార్ట్‌మెంట్లకు రెండు గేట్లు. ముందు గేటుకు మోక్ అన్న కాపలా, వెనక గేటుకు నేను. అరవై ఎనిమిదేళ్ల అన్నకు ముందు పళ్ళు నాలుగు లేవు. జనవరిలో కనీస వేతనం పెరగగానే పళ్ళు కట్టించుకుని ముల్లంగి కిమ్చీ కరకరలాడిస్తానని ఏడాదిగా చెబుతున్నాడు.

జనవరిలో వేతనం పెరిగింది. ఆఫీసు గోడమీద ఓ కాగితమూ వెలిసింది: రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా కాపలావాళ్లకు విశ్రాంతి, ఆ గంటకు జీతం లేదు. కూడితే పాత జీతమే. కనీస వేతనమంటే కనిపించి కనుమరుగయ్యే వేతనమన్నమాట. విశ్రాంతి అన్నా, పార్సిల్ కోసం కిటికీ కొట్టేవాళ్లు మానరు కదా.

ఒప్పుకున్నట్టు మమ్మల్ని సంతకం పెట్టమన్నారు. "సంతకం పెట్టకన్నా," అన్నాను.

"విశ్రాంతి ఇస్తామంటే వద్దంటామా?" అని అన్న నవ్వుతూ పెట్టేశాడు.

మర్నాడు సరిగ్గా రెండింటికి టోపీ మేకుకు తగిలించి, కాపలా గదికి తాళం వేసి, నన్ను ముసలివాళ్లు కాలక్షేపం చేసే పెద్దల గదికి లాక్కెళ్లి చదరంగం పరిచాడు. పదినిమిషాలకు మేనేజరు ప్యో పరిగెత్తుకొచ్చాడు.

"మోక్ గారూ, మంచు పడుతోంది."

"చూస్తున్నా బాబూ. ఈసారి బాగా పడుతోంది."

"గేటు వాలులో కార్లు జారుతున్నాయండీ. పార తియ్యండి."

"పార టోపీ ఉన్నవాడిది. మూడింటికి రా."

"ఇదివరకు భోజనం వేళలో కూడా చేసేవారుగా?"

"అది నా తప్పే. దిద్దుకుంటున్నా."

నేను అన్న చెవిలో గొణిగాను. "అన్నా, ఉద్యోగం ఊడుతుంది."

"పళ్ళే ఊడినవాడికి ఇంకేం ఊడుతుందిరా? ముందు నీ ఏనుగు పోతోంది, చూసుకో."

అంతలో నివాసుల సంఘం అధ్యక్షురాలు బాంగ్ గారు తలనిండా మంచుతో వచ్చారు. "నా కారు వాలుకు అడ్డం తిరిగింది. వెనకాల పదకొండు కార్లు. మంచు ఎవరూ తియ్యరా?"

"విశ్రాంతి గంటమ్మా," అన్నాడు ప్యో. "ఖర్చు తగ్గించమని మీ సంఘమేగా చెప్పింది."

"ఎంత తగ్గింది?"

ప్యో వేళ్లమీద లెక్కేశాడు. "ఇంటికి నెలకు... సగం కింబాప్ అన్నంచుట్ట ఖరీదు."

"సగం అన్నంచుట్ట కోసం నన్ను ఈ మంచులో నడిపించావా? ఆ కాగితం పట్రా."

"మిగతా సభ్యులు ఒప్పుకోవాలి కదమ్మా?"

"ముగ్గురూ నా కారు వెనకే ఉన్నారు. పిలువు."

చదరంగం బల్లమీదే కాగితంలో ఆ జీతం లేని గంటను రద్దుచేసి నలుగురూ సంతకాలు చేశారు. అన్న వాటిని ఒక్కొక్కటే చదివి, వెళ్లి టోపీ పెట్టుకుని, పార భుజానేసుకున్నాడు.

"పావులు కదపకు తమ్ముడూ," అన్నాడు నాతో. "మంగళవారం పళ్ళ డాక్టరు దగ్గరికెళ్లొచ్చి నీ రాజు సంగతి చూస్తా."