టి నుంచి జెడ్ వరకూ

వీధిలో అందరూ ఆమెను నిఘంటువమ్మ అనేవారు. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆమె ఒక పని నెత్తికెత్తుకుంది. ఇంగ్లీషు వాళ్ళే వాడటం మానేసిన పాత మాటలను ఏరి, వాటికి తెలుగులో అర్థాలు రాయడం.

"వాళ్ళే వదిలేసిన మాటలు మనకెందుకు వదినా? ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడిలా!" అని ఆడపడుచు దెప్పేది.

ఆడపడుచుది బ్యూటీపార్లర్. అన్న పోయాక వదినతోనే ఉంటోంది. ముందుగదిలో కత్తెరలు, అద్దాలు. వెనకగదిలో అట్టముక్కలు, డిక్షనరీలు. ఒక్కో అట్టముక్క మీద ఒక పాత మాట, దాని కింద ఇంగ్లీషు వివరణ, ఆ కింద తెలుగు అర్థం. పొద్దున లేచింది మొదలు ఏదో ఒకదానికి వాదించుకోకపోతే ఇద్దరికీ పొద్దుపోయేది కాదు.

ఎస్ అక్షరం పూర్తయిన కొద్దిరోజులకే నిఘంటువమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. అన్నీ అర్థమయ్యేవి, మాట మాత్రం పెగిలేది కాదు. ఎలా మిగిలిందో గానీ ఒకే ఒక్క మాట మిగిలింది: "కాదు."

మాటలు నేర్పే డాక్టరమ్మ కప్పు బొమ్మ చూపించి "ఇదేంటమ్మా?" అని అడిగింది. ఏమిటో తెలుసు. పేరు నాలుక చివరిదాకా వచ్చి జారిపోయింది. జీవితమంతా మాటలతో బతికిన మనిషి, కప్పు అనలేక గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి ఒప్పుకోలేదు.

ఒకరోజు పుస్తకం వేస్తానన్న ప్రచురణకర్త చూడటానికి వచ్చాడు. కాసేపు కూర్చుని మెల్లగా అసలు విషయం కదిపాడు.

"ఎస్ వరకూ వేసేద్దాం మేడమ్. లేదంటే మిగతాది ఇంకెవరి చేతైనా రాయిద్దాం."

ఆమె ఇటు తిరిగింది. "కాదు."

"మరెలాగండీ?"

ఆమె ఆడపడుచు వైపు చూసింది.

"నన్ను చూస్తావేంటి వదినా? నాకొచ్చిన ఇంగ్లీషంతా షాంపూ సీసాల మీదదే!"

ఆమె చూపు తిప్పుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం, పార్లర్లో ఎవరూ లేనప్పుడు, ఆడపడుచు అట్టముక్కల డబ్బా మంచం మీద పెట్టింది. మొదటి మాట 'తోల్'. వదిన తన చేత్తో రాసుకున్న ఇంగ్లీషు వివరణను ఫోన్ సాయంతో కూడబలుక్కుని చదివింది.

"సహించడం?"

"కాదు."

"భరించడం? తట్టుకోవడం?"

"కాదు. కాదు."

"నీకు నచ్చేలా చెప్పడం ఆ బ్రహ్మతరం కూడా కాదు!" అని డబ్బా మూత ధడాల్న వేసి వెళ్ళిపోయింది. తెల్లారాక మళ్ళీ తనే వచ్చి కూర్చుంది. ఆ రోజూ అంతే, ఆ మర్నాడూ అంతే.

ఒక ఉదయం నిఘంటువమ్మ వ్యాయామం చేస్తోంది. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి, దింపకుండా నిలబెట్టాలి. నుదుటి మీద చెమట, బిగుసుకున్న దవడ. చెయ్యి వణుకుతోంది గానీ దింపడం లేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆడపడుచు లోపలికి వచ్చింది. "పంటిబిగువున ఓర్చుకోవడం... అదా వదినా?"

ఈసారి "కాదు" రాలేదు. చెయ్యి ఒళ్ళో పడింది. నిఘంటువమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆడపడుచు అర్థం రాసి, అక్షరాలు ఆవిడకు కనిపించేలా అట్టముక్క ఎత్తి పట్టుకుంది.

ఆపైన పని సాగింది. 'వాంబుల్' అంటే కడుపులో తిప్పడమని ఒక్క దెబ్బకే తేలింది. మధ్యలో దాటేసిన యు అక్షరం దగ్గరికి వెనక్కి వస్తే 'యునాసినస్' మాత్రం కొరకరాని కొయ్య అయి కూర్చుంది. ఇద్దరూ సమానంగా తెలివితక్కువవాళ్ళు కావడమని వివరణ. ఎన్ని విధాల చెప్పినా ఆమెకు రుచించలేదు.

అంతలో పార్లర్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు గొడవపడ్డారు. ఎవరి జుట్టుకు ఏ రంగో ఎంచుకోవడానికి వచ్చి, ఒకరి రంగు ఒకరు పూసేసుకుని, తప్పు నీదంటే నీదని అరుచుకుంటున్నారు. ఆడపడుచు రంగు చేతులతోనే వెనకగదిలోకి వచ్చి పడింది.

"ఎవరికని చెప్పను వదినా! దొందూ దొందే!"

నిఘంటువమ్మ ఎడమచేత్తో మంచాన్ని దబదబా చరిచింది. భుజాలు ఊగిపోయేలా నవ్వింది. ఆ నవ్వులోంచే ఊడిపడింది మాట:

"అదే!"

ఆడపడుచు కెవ్వున కేక వేసింది. ముందుగదిలోంచి అక్కచెల్లెళ్ళిద్దరూ రంగు కారుతున్న తలలతో పరుగెత్తుకొచ్చారు, ఏమైందో ఏమోనని.

సంగతి విని డాక్టరమ్మే ఇంటికి వచ్చింది. కప్పులూ కుర్చీల బొమ్మలు సంచిలోంచి తీయనేలేదు. "మీ వదినగారి బడి ఇదే. ఇక్కడే నేర్చుకుందాం" అని అట్టముక్కలు అందుకుంది.

'యెస్ట్రీన్' దగ్గర ఆడపడుచు "నిన్న సాయంత్రం" అని రాయబోతే, నిఘంటువమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పెదవులు చాలాసేపు కదిలాయి.

"ని...న్న మా...పు."

"అబ్బ! మా నానమ్మ అనేది ఆ మాట. మాపు వేళ, మాపు వేళ అని" అంది ఆడపడుచు. పాత మాటకు పాత మాటే దొరికింది.

చివరిది 'జ్వాడర్'. నిద్రమత్తులో బుర్ర మొద్దుబారి ఉండటం. ఆడపడుచు నోరు తెరిచేలోపే నిఘంటువమ్మ కలం లాక్కుంది. ఎడమచేత్తో, బలపం పట్టిన పిల్లల అక్షరాల్లా వంకరటింకరగా రాసింది: మగత.

ప్రచురణకర్త పుస్తకం అచ్చుకిచ్చే ముందు, అట్ట మీద ఏ పేరు వేయాలని అడిగాడు. నిఘంటువమ్మ ముందు తనను చూపించుకుంది, తర్వాత ఆడపడుచును.

"నాదెందుకు! జనం నవ్విపోతారు" అంది ఆడపడుచు.

"న...వ్వ...నీ" అంది వదిన.

రెండు పేర్లతోనే వచ్చింది పుస్తకం. కుడిచేతికి సత్తువ పూర్తిగా రాలేదు. మాటలు ఇప్పటికీ తడుముకుంటూనే వస్తాయి. పార్లర్లో అద్దం పక్కన పుస్తకం ఒకటి ఉంటుంది. వచ్చిన వాళ్ళు పేజీలు తిప్పుతుంటే ఆడపడుచు కత్తెర ఆపి, ఒక్కో మాట ఎలా దొరికిందో చెబుతుంది. కొంచెం ఎక్కువ చేసి చెబితే, వెనకగదిలోంచి కర్ర చప్పుడు చేసుకుంటూ వదిన వచ్చి సరిదిద్దుతుంది.